పదో మనిషి

తినవేంట్రా ఐవర్? చల్లారిపోతోంది. మా అమ్మ మాంసం, బంగాళాదుంపలు వేసి ఓవెన్‌లో చేసే హాట్‌డిష్ అంటే గిన్నె అడుగు దాకా గీకే మనిషివి, ఇవాళేమో ఫోర్కుతో బంగాళాదుంపల్ని అటూ ఇటూ తోస్తూ కూర్చున్నావు. నా మీద అలకా?

సరే, అలుగు. కానీ క్లాసు మానేస్తానని పొద్దున్నే అందరి ముందూ అనడం ఏమైనా బాగుందా? నాతో ఒక్క ముక్క ముందు చెప్పావా? సొంత పిన్ని కూతుర్ని, పక్క బల్ల మీద కూర్చునేదాన్ని. సోర్లీ మేడమ్ మొహం చూశావా, పాపం? బోర్డు తుడుస్తున్నదల్లా అలాగే నిలబడిపోయింది.

మరి ఆవిడకి తెలుసు కదా. పది మంది ఉంటేనే ఈ క్లాసు. హైస్కూల్లో కూర్చునే కాలేజీ లెక్కలు చదివేయొచ్చు, మార్కులూ కాలేజీవే ఇస్తారు, కానీ తొమ్మిది మందే ఉన్నారంటే కాలేజీ వాళ్లు ఎత్తేస్తారు. తలలు లెక్కపెట్టేది ఇవాళే. నువ్వు లేస్తే మా అందరి కిందా బల్లలు లేచిపోతాయి. వచ్చే ఏడు ఇంజనీరింగ్‌కి అప్లై చేస్తే, ఈ లెక్కలు చదవలేదేమ్మా అంటారు. మా ఊళ్లో పదో మనిషి దొరకలేదండీ అని చెప్పుకోనా?

ఏంటా చూపు? నేనేం మెడ మీద కత్తి పెట్టలేదు. క్రిస్మస్ ముందు, మీ గరాజ్‌లో నువ్వు పడవ మోటారు విప్పుకుంటుంటే వచ్చి అడిగాను, అంతే. ఆలోచిస్తానన్నావు. కొత్త బూట్లు కూడా కాలికి పెట్టి చూడకుండా కొనేసేవాడివి, దీనికి మాత్రం వారం ఆలోచించావు. ఆ వారమంతా నేనే కదా నీ బుర్ర తిన్నది. నేను పక్కనే ఉంటాను, కూర్చోబెట్టి నేర్పిస్తాను, మీ అమ్మ ఎంత సంతోషిస్తుందో చూడు అని. పెద్దమ్మ నిజంగానే సంతోషించింది. చర్చిలో ప్రార్థన అయ్యాక కాఫీ దగ్గర అందరికీ చెప్పుకుంది.

నేర్పించలేదా? నేర్పించాను. మొన్నో ఆదివారం వచ్చాను కదా.

సరేలే, సగం ఆదివారం. తర్వాత నాకు బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకి ఊళ్లు తిరగాల్సొచ్చింది, నేనేం చెయ్యను?

అవును, స్కూల్లో నీ వెల్డింగ్ షాపు క్లాసూ ఆ గంటలోనే, దాన్ని వదులుకునే దీనికొచ్చావు. తెలుసురా. నువ్వు మొదలెట్టిన ట్రైలరు సగంలో ఉండిపోయిందనీ, దాని మీద ఎవడో కోటు ఆరేసుకుంటున్నాడనీ తెలుసు. నువ్వు క్లాసులో కూర్చుని గోడవతల షాపులో ఇనుము అరగదీసే గ్రైండర్ మోగినప్పుడల్లా తల అటు తిప్పుతావు చూడు, అదీ చూశాను. మొదటి పరీక్ష కాగితం మడతలు మడతలు పెట్టి బూటులో తోసేసుకున్నావు, అదీ చూశాను. చూడనట్టు పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను.

టైమా? టైమెందుకిప్పుడు? ఇంకా ఉందిలే. తిను ముందు.

...ఐవర్. ఆ గిన్నె ఇలా ఇవ్వు.

నిన్ను ఈ ధాన్యం గోదాము వెనక్కి ఎందుకు తీసుకొచ్చానో తెలుసా? స్కూలు దగ్గరే బండిలో కూర్చుని తినలేమా ఏంటి? శుక్రవారం కదా, స్కూలు ఆఫీసు ఒంటిగంటకి మూసేస్తారు. పేర్లు తీసెయ్యడానికి ఇవాళే ఆఖరు, ఆ తర్వాత తీసెయ్యమన్నా తియ్యరు. నిన్ను మాటల్లో పెట్టి ఒంటిగంట దాటించేద్దామని తెచ్చాను. నువ్వు మానేస్తావని నాకు రెండ్రోజులుగా అనుమానమే. ఈ హాట్‌డిష్ కూడా అందుకే, అమ్మని బతిమాలి చేయించాను.

ఆగు, ఇంకా ఉంది. ఫెయిలైనా ఏం కాదు, స్కూలు మార్కుల్లో ఓ మూల పడుంటుంది అని చెప్పాను కదా. అబద్ధం. ఇది కాలేజీ మార్కు, చెరగదు. నువ్వు వెల్డింగ్ కాలేజీకి వెళ్లినా నీ వెనకే వస్తుంది. ఫీజు సాయం అడిగితే ముందు దాన్నే చూస్తారు. మొదటి రోజే సోర్లీ మేడమ్ చెప్పింది. నువ్వు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లావు ఆ రోజు. మీ ఐవర్‌కి నువ్వు చెప్పమ్మా బ్రిట్టా, అంది. తప్పకుండా చెప్తానన్నాను.

గడ్డి తిన్నానురా. నా చదువు కూలిపోకుండా నీ చదువుని ఊతకర్రలా పెట్టుకున్నాను. రోజూ నీ పక్కన కూర్చుని, నీకు అర్థం కావట్లేదని తెలిసీ, ఇవాళ్టి దాకా గడిస్తే చాలని రోజులు లెక్కపెట్టుకున్నాను. తిట్టు. నోరారా తిట్టు.

ఏంటీ?

తెలుసా? ఎవరు చెప్పారు, వెల్డింగ్ నేర్పే హాగెన్ మాస్టారా? వెల్డింగ్ షాపులో నీ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదన్నాడా... ఆ మార్కు సంగతీ ఆయనే చెప్పాడా? సోమవారమే?

మరి సోమవారమే ఎందుకు మానెయ్యలేదు? ఈ నాలుగు రోజులూ ఆ అర్థం కాని బోర్డుకేసి చూస్తూ ఎందుకు కూర్చున్నావు?

...ఓహో. పొద్దున అందరి ముందూ అన్నదీ అందుకేనా? ఉండరా, నాకోసం ఉండు అని నేను అడుగుతానేమోనని చూశావా?

అడిగితే ఉండేవాడివా? అంతా తెలిసి కూడా?

నాకెంత సిగ్గుగా ఉందో నీకు తెలీదు. ఇన్ని వేషాలు వేశాను గానీ, నిన్ను అడగొచ్చన్న సంగతే నాకు తట్టలేదు.

ఇంకా టైముంది. పదంటే పది నిమిషాలు. ఒరే ఐవర్, పోనీ ఇప్పుడు అడిగితే...

వద్దు. జవాబు చెప్పకు. నువ్వు ఊఁ అన్నావంటే నేను వద్దనను. అంత మంచిదాన్ని కాను నేను. బెల్టు పెట్టుకో, బండి తిప్పుతున్నాను. ఆఫీసు గుమ్మం దాకా నీకు పుణ్యముంటుంది, నోరు విప్పకు.