నిప్పుబంతి ఎక్కడిది?

వీపనగండ్ల దగ్గర ఒక ఊరు. ఉరుముల వాన వెలిసిన మధ్యాహ్నం. రైతు సీతారాములు, డిగ్రీలో ఫిజిక్స్ చదివిన అతని కూతురు నవనీత.

“గడియ పెట్టినవా బిడ్డా?”

“పెట్టిన. ముందు కూసో నాయినా.”

“పక్కింటి దేవమ్మను ఊరోళ్లు వాకిట్లకు గుంజుకొచ్చిండ్రు. బానామతి చేసిందంట. నిప్పుబంతి తోలి అనంతయ్య ఎద్దును సంపిందంట. నోట్లె పండ్లు రాలగొడ్తమంటుండ్రు.”

“పోలీసులకు ఫోన్ చేసిన. వాగు పొంగింది, గంట పడ్తదన్నరు.”

“గంటకు ఏం మిగుల్తది! నువ్వు సదివినవ్ గద, అదేందో జెప్పు. ఉరికిపోయి వాళ్లకు జెప్త.”

“బంతి మెరుపంటరు నాయినా. పిడుగు నేల మీద పడితే మట్టిలున్న ఇసుక ఆవిరై, గాలిల ముద్దగట్టి మండుతదని కొందరు...”

“మట్టా? ఎవరి వాకిలి మట్టి అంటరు. వద్దొద్దు. ఇంకోటి జెప్పు.”

“పిడుగుల పుట్టిన తరంగాలు ఒక బుడగల చిక్కి వెలుగుతయని ఇంకొందరు. గందుకే అది అద్దంలకెల్లి గూడ దూరి పోతదంట.”

“అమ్మో! గది జెప్తే సక్కగ బానామతే అంటరు. ఇంకోటి?”

“అసలు బంతే ఉండదు, పిడుగు దెబ్బకు మన మెదడుకే గట్ల వెలుగు కనవడ్తదని...”

“ఎద్దు సచ్చింది గదనే! దాని మెదడుకు గూడ కనవడ్డదా? వీట్లల్ల ఏది నిజం?”

“ఇంకా ఎవ్వరికీ తెల్వదు.”

“గింత సదివి తెల్వదా? వాళ్లకు తెలుసు నవనీతా. ఒక్క మాట, దేవమ్మ అంటుండ్రు. అయిపాయె.”

“వాళ్లకెట్ల తెలుసు? బంతి ఎక్కడికెల్లి వచ్చిందో సూసింది నువ్వొక్కనివే గద.”

“సూసిన.”

“దేవమ్మ ఇంట్లకెల్లి అని నువ్వే అన్నవ్ గద?”

“అనంతయ్య నా అంగి గల్ల పట్టిండు. ఎవరింట్లకెల్లి, ఎవరింట్లకెల్లి అని ఒకటే అడుగుడు.”

“అడిగితే సూసింది జెప్పినవ్.”

“జర నీళ్లియ్యి.”

“నీళ్లు తర్వాత. సూసిందే జెప్పినవా?”

“ఇను... అరుస్తుంది. దేవమ్మనే అరుస్తుంది.”

“నాయినా! సూసిందే జెప్పినవా?”

“ఎట్ల జెప్త బిడ్డా? నువ్వు మంచంల పండుకున్నవ్. అది నీ తలకాడికెల్లి లేసి, మన గడప దాటింది.”