పోసిబాబు ముక్కలు వడ్డించిన కథ

పోసిబాబున్నాడే, వడ్డన పోసిబాబు, ముమ్మిడివరం అవతల మా లంకలోనే ఉంటాడు, ఆడి చెయ్యి చూడాలమ్మా మీరు. అయిదొందల ఆకుల బంతి అనుకో. ఈ చివర్నించి ఆ చివరికి సాంబారు బకెట్టు పట్టుకుని ఆడు నడిచొస్తుంటే ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క ఎవరి పంచె మీదా పడదంట. పడదంట ఏంటి, నేను చూశాను కదా, మా తోడికోడలి మనవరాలి పెళ్ళిలో నాకు పూర్ణం బూరె ఏసింది ఆడే. వడ్డించేవోడు మనోడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు చూడు, ఆ పప్పులు ఈడి దగ్గర ఉడకవు. మొహం చూడడు, ఆకు చూస్తాడు. ఆకులో అన్నం అయిపోతందనగానే అన్నం, పప్పు అయిపోతందనగానే పప్పు, నువ్వు నోరు తెరిచి అడగక్కర్లేదు. ఎవరైనా ఆకు ముందుకి తోసేసి కడుపు నిండకుండా లేచారనుకో, ఆడికి ఆ రాత్రి నిద్దరుండదు. "ఇంకొక్కటి బాబూ, ఒక్కటే" అని బతిమాలి మరీ ఏస్తాడు. సరే, పెళ్ళిళ్ళున్నన్నాళ్ళూ రాజే. ధనుర్మాసం వచ్చిందనుకో? చెప్పండి, నోళ్ళు పడిపోయాయా? పెళ్ళిళ్ళుంటాయా? ఉండవు. గృహప్రవేశాలుంటాయా? ఉండవు. బకెట్టు బోర్లించుకుని కూర్చోవాల్సిందే.

ఏమైందంటే, కిందటేడు ఆ నెలంతా రొయ్యల చెరువు కాపలాకి ఎళ్ళాడు. చెరువు నీళ్ళలో చక్రాలు తిరుగుతుంటాయి చూడు, రొయ్యలకి గాలాడ్డానికి, వాటి కరెంటు తీగలు గట్టుమీదే పడుంటాయి. ఈడితో పాటు తాతబాబు అని ఇంకొకడు కాపలా. మంచోడమ్మా, ఒకరి జోలికి పోడు. తడికాలితో తీగ తొక్కాడు. అంతే. కేకన్నా వెయ్యలేదంట. పోసిబాబు కళ్ళ ముందే పోయాడు. ఆ తరవాత ఆర్నెల్లపాటు పోసిబాబు నిద్దట్లో కాళ్ళు పైకి లాక్కునేవాడంట. ఆడి పెళ్ళాం మంగవేణి చూసింది, చూసింది, ఒకరోజు చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు మళ్ళీ ఆ గట్టెక్కావంటే నేనీ ఇంట్లో ఉండనయ్యా, నిన్ను మోసుకొస్తే చూడ్డానికి నేను సిద్ధంగా లేను" అందంట. "మరి ఆ నెల తిండో?" అన్నాడంట ఆడు. ఏమంటది? పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. చెరువు ఆసామి మాత్రం దీపావళి ఎళ్ళకుండానే కబురెట్టేశాడు, ఈ ఏడు కూడా నువ్వే రావాలని.

ఇలా ఉండగా కార్తీకంలో అమలాపురంలో ఒక పెళ్ళి తగిలింది. బంతి కూర్చున్నారు, పోసిబాబు అరిటాకులేస్తన్నాడు. ఎలా ఏస్తాడనుకున్నారు? కట్ట ఎడం చేతి మీద పెట్టుకుని, కుడిచేత్తో ఇలా, ఇలా, ఇలా, ఆకు జారి తిన్నగా మనిషి ముందు పడతది, కొస ఎడం పక్కకే ఉంటది, సవరించే పని లేదు. పెళ్ళికి విల్సన్ గారని ఒకాయన వచ్చాడు, తాడేపల్లిగూడెం ఆయనే, ఉద్యోగం గోవాలో. ఆయన ఆ చెయ్యే చూస్తా కూర్చున్నాడంట. భోజనాలయ్యాక చెయ్యి తుడుచుకుంటా వచ్చి, "ఏం తమ్ముడూ, ధనుర్మాసంలో ఖాళీయేనా?" అన్నాడు. "ఆయ్, ఖాళీయేనండి." "పేకముక్కలు పంచుతావా?" అన్నాడంట. ఈడు రెండడుగులు వెనక్కేశాడు. ఏయడా మరి! అప్పుడాయన కూర్చోబెట్టి చెప్పాడంట, గోవాలో నదిలో పెద్ద పెద్ద పడవలున్నాయి, లోపల పేకాట, పోకరని ఆట, అక్కడ గవర్నమెంటు ఒప్పుకున్నదే. మనకి పెళ్ళిళ్ళు లేని నెలే వాళ్ళకి సీజను, క్రిస్మస్సు, కొత్త సంవత్సరం, తిరనాళ్ళలా జనం, అందులో మన తెలుగోళ్ళు బోలెడు. ఉన్న మనుషులు చాలరు. ముక్కలు పంచేవాళ్ళని డీలర్లంటారు, ఆ నెలకి మటుకు కొత్తోళ్ళని తీసుకుంటాం, రాజమండ్రి హోటల్లో పదిహేను రోజులు నేర్పుతాం, చివర్న పరీక్ష, ఇరవైమందిలో ఆరుగురు, తిండీ పడకా మావే అని. ఈ సంవత్సరం బాగా చేస్తే పై ఏడు మళ్ళీ పిలుస్తారు అని.

ఇంటికొచ్చి చెప్పేసరికి మంగవేణి అట్లకాడ తీసింది. తియ్యదా? ఆవిడ నాన్న పేకలో కొంప ముంచిన మనిషి. పెళ్ళికి ఆవిడ మెళ్ళో పడాల్సిన నానుతాడు కూడా ముక్కల్లోకే పోయింది. "మా అమ్మ ఏడుపు చూసి పెరిగాను, ఇప్పుడు నా ఏడుపు నా పిల్ల చూడాలా? నీ చేతిలో ముక్క కనబడిందంటే చెయ్యి విరగ్గొడతాను" అంది. పోసిబాబు కదల్లేదంట. "ఒసే మంగా, బంతిలో వడ్డించేవోడు తింటాడే? పదిహేనేళ్ళయింది బకెట్టు పట్టి, అందరూ లేచేదాకా ఒక్కనాడన్నా బూరె నోట్లో ఏసుకున్నానా? ఇదీ అంతేనే. పంచేవోడు ఆడకూడదంట, ఆడితే ఆ పూటే గెంటేస్తారంట" అన్నాడు. ఆవిడ అట్లకాడ దించలేదు గానీ ఆలోచించింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అటు చెరువు, ఇటు పేక. చివరికి, "పిల్లమీద ఒట్టెయ్యి" అంది. ఏశాడు. మార్గశిరంలో రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నవి వదులుకుని రాజమండ్రి బస్సెక్కాడు.

మధ్యలో ఒక ఆదివారం సెలవిస్తే ఇంటికొచ్చాడు, పేకదస్తా జేబులో పెట్టుకుని. సాధన చెయ్యాలంట, ఎదురుగా ఆడేవాళ్ళుండాలంట. ఎవరున్నారు? మంగవేణి, ఆవిడ అత్తగారు, పక్కింటి సుబ్బాయమ్మ. నవ్వకే! చాపేసుకుని కూర్చున్నారు ముగ్గురూ, డబ్బుల్లేవు, చింతపిక్కలు. మనిషికి రెండేసి ముక్కలు బోర్లా ఏస్తాడు, అవి ఎవరివి ఆళ్ళే చూసుకోవాలి. తరవాత మధ్యలో అందరికీ ఉమ్మడిగా ముక్కలు తెరిచి పెడతాడు. అవి తెరిచేముందు ప్రతిసారీ పైముక్క ఒకటి తీసి పక్కన పడెయ్యాలంట. "అదెందుకురా?" అంది తల్లి. "దొంగతనం జరక్కుండా అమ్మా, పైముక్కకి ఎవడన్నా గుర్తు పెట్టుకుంటే అది పనికిరాకుండా పోతది." "అలా చెప్పు, కాకికి ముద్ద తీసినట్టు" అందంట ఆవిడ. ముక్కలు నచ్చకపోతే ముందుకి తోసేసి ఆ ఆట మానుకోవచ్చు. ఇంక చూడు, ఏ పేకంటే అట్లకాడ తీసిందో ఆ మంగవేణే, పొద్దుటేల కూర్చుని మధ్యాన్నానికి, "అదుగో, ముక్క ఎత్తేశావు, నాకు కనపడిపోయింది, మళ్ళీ పంచు" అని మొగుణ్ణి దిద్దడం మొదలెట్టింది. అత్తగారు రెండు చింతపిక్కలు ఎక్కువ తీసుకుందని తగువు కూడా పెట్టుకుంది. ఆడు ఆడనేలేదు, పంచాడంతే. సాయంత్రమయ్యేసరికి ముక్కలు అరిటాకుల్లాగే ఎవరి ముందు పడాల్సినవి వాళ్ళముందు తిన్నగా పడుతున్నాయి.

పరీక్ష రోజు వచ్చింది. హోటల్లో అయిదు బల్లలు, విడతకి అయిదుగురు చొప్పున పంచాలి. ఒక్కో బల్ల చుట్టూ ఏడుగురు, విల్సన్ గారి మనుషులే ఆటగాళ్ళలా కూర్చున్నారు. పోసిబాబు బల్ల దగ్గర ఒక పెద్దాయన, ఇంత బొజ్జ, చక్కటి మనిషి, పెళ్ళిపెద్దలా ఉన్నాడంట. రెండు ఆటలు పంచాడు, ఏ గొడవా లేదు. మూడో ఆటలో పెద్దాయన తన రెండు ముక్కలు చూసుకున్నాడు, నిట్టూర్చాడు, ముందుకి తోసేశాడు. అంతే! పోసిబాబు చెయ్యి ఆగుతుందా? పదిహేనేళ్ళ చెయ్యది. ఆకు తోసేసి లేచిపోతున్నాడనుకుంది. "ఇంకొక్కటి బాబూ" అని నోట్లోనే గొణిగి, పైముక్క తీసి ఆయన ముందు ఏసేశాడు! మారు వడ్డన! నవ్వండి, నవ్వండి, మీకేం పోయింది. ఆడికి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. మిగతావాళ్ళు తలలు దించుకుని ఎవరి ముక్కలు ఆళ్ళు చూసుకుంటన్నారు, ఎవరూ చూళ్ళేదు. పెద్దాయన ఆ ముక్క మీద అరచెయ్యి పెట్టేసి, చిన్న గొంతుకతో, "కానియ్యవయ్యా, ఎవరికీ తెలీదు. తెలిస్తే పనిపోద్ది నీకు" అన్నాడంట.

ఆ మాట ఇన్నాక ఆడికి తాతబాబు కనబడ్డాడంట. తడికాలు, తీగ, అంతా కనబడింది. నోరు మూసుకుంటే గోవా, నోరు తెరిస్తే గట్టు. నేనైతే మూసుకునేదాన్ని, అబద్ధమెందుకు ఆడటం. కానీ ఆడేమనుకున్నాడంటే, బంతిలో ముందోడికి రెండు పడితే కడాయనకి ఒకటి తగ్గుద్ది, ఇక్కడ కూడా ఒక ముక్క తప్పు పడితే వెనకొచ్చే ముక్కలన్నీ తప్పే, ఎవరికి రావాల్సింది ఇంకెవరికో పోద్ది, అనుకున్నాడంట. పెళ్ళిలో రసం ఎవరిమీదన్నా ఒలికితే ఏం చేస్తారు? అరుస్తారు, బంతంతా ఆపుతారు. ఆడూ అదే చేశాడు. రెండు చేతులూ పైకెత్తి, పందిరి ఆ చివరికి వినపడే గొంతుకతో, "ఆగండాగండాగండి! ఈ బంతిలో పొరపాటయింది! ఎవరూ ముట్టుకోకండి!" అని కేకేశాడు. అయిదు బల్లలూ ఆగిపోయాయి. వంటింట్లోంచి వంటోడు గరిటెతో బయటికొచ్చేశాడంట. విల్సన్ గారు పరిగెత్తుకొచ్చి ఏంటయ్యా అంటే, "ఆయ్, తప్పు నాదేనండి. ఈయనగారు ముక్కలు తోసేస్తే కడుపు నిండలేదనుకుని ఇంకోటి ఏసేశానండి" అన్నాడు. హాలు హాలంతా పగలబడి నవ్వారు. విల్సన్ గారు మాత్రం నవ్వలేదు. కాయితం మీద ఏదో రాసుకుని, "ఇంటికెళ్ళు, కబురు చేస్తాం" అన్నాడు.

ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. మంగవేణి తిడతదనుకున్నాడు, తిట్టలేదు. "అరిచి మంచి పని చేశావులే" అని అన్నం పెట్టిందంట. ఒక రోజయింది, రెండు రోజులయింది, కబురు లేదు. మూడోనాడు పొద్దున్నే చెరువు ఆసామి పాలేరు మోటారు సైకిలేసుకుని గుమ్మంలో దిగాడు. ఇవాళే రావాలి, లేదంటే ఇంకోణ్ణి పెట్టుకుంటాం అని. పోసిబాబు తువ్వాలు భుజాన ఏసుకున్నాడు. చెప్పులు తొడుక్కుంటన్నాడు. మంగవేణి పిల్లనెత్తుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఎళ్ళమనదు, ఎళ్ళొద్దనదు. ఇంట్లో ఏముందని వద్దంటది? సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. విల్సన్ గారు. "ఆరో పేరు నీదేనయ్యా పోసిబాబూ. ఆ బొజ్జాయన్నీ, బల్లకొకణ్ణి అలాంటోళ్ళనీ కూర్చోబెట్టిందే అందుకు, పంచేవాళ్ళని తప్పు దాచెయ్యమని ఊరించడానికి. నీకన్నా బాగా పంచినోళ్ళున్నారు. వాళ్ళలో తొమ్మిదిమంది తప్పు చేసి దాచేశారు. చెయ్యి నేను నేర్పుకుంటాను, ఆ కేక నేను నేర్పలేను. కానీ ఒక్క మాట, గోవాలో మారు వడ్డన లేదు, గుర్తుపెట్టుకో" అన్నాడంట.

ఆడు "ఆయ్, ఆయ్" అంటన్నాడు అంతే. పాలేరు, "వస్తావా రావా, తొందరగా చెప్పు" అని హారను కొట్టాడు. అప్పుడు మంగవేణి, పిల్లని మొగుడి చేతిలో పెట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుని, వీధిలోకి దిగి, "మా ఆయన రాడు! మీ ఆసామికి చెప్పు! మా ఆయన పేకాటకెళ్తున్నాడు!" అని ఒక అరుపు అరిచింది. ఆడి కేక ఆవిడ దగ్గర నేర్చుకున్నదే అయ్యుంటది. లంకంతా వినపడింది. కొంపలంటుకున్నాయేమోనని నలుగురూ పరిగెత్తుకొచ్చారు, నేనూ వచ్చాను.

రైలెక్కి ఎళ్ళాడు. ఆ నెలంతా ఆ గట్టు మీద ఆడి కాలు పడలేదు. పడవలో ఎవరు గెలిచారో ఎవరు మునిగారో నాకు తెలీదు, నాకెందుకు. "మా ఆయన పేకాటకెళ్తున్నాడు" అని ఏడ్చే ఆడోళ్ళని డెబ్భై ఏళ్ళుగా చూస్తన్నాను మా లంకలో. సంతోషం పట్టలేక వీధిలోకొచ్చి అరిచింది మాత్రం అదొక్కత్తే.