వేలు చూపని సాక్షి

డంబ్ అంట! నిన్ను డంబ్ అని రాసినారు నీలా, తీర్పులో.

ఉండు, చొక్కా లాగద్దు. చెప్తా. చెప్పకుండా యాడికి పోతా? ధర్మవరం బస్సు ఇంగా రాలేదు, ఆడ దిగి మళ్ల ముదిగుబ్బ బస్సు ఎక్కల్ల. టీ తాగు మొదట. నా తట్టు తిరిగి కూర్చో. ఎండ నా మొగం మీద పడల్ల, అప్పుడు కదా నా పెదాలు నీకు కనపడేది.

జడ్జి ఇంగ్లీషులో చదివినాడు. నేను హిందూపురంలో బీఏ చదివినోణ్ణి, ఆ కాలం బీఏ. మాకు ఇంగ్లీషు చెప్పే సారు ఒకాయన ఉండె. మాటకు రెండర్థాలుంటే రెండూ చెప్పించుకునేటోడు, ఒకటే చెప్తే బెంచీ ఎక్కించేటోడు. డంబ్ అంటే ఒక అర్థం మూగ. రెండో అర్థం మొద్దు. ఏ అర్థంతో రాసినారో ఎవర్ని అడగల్ల ఇప్పుడు?

నువ్వు మూగదానివా? పుట్టినప్పటి నుంచి నీ మాటలు పడి పడి నా తల నెరిసె. మొన్న పెండ్లిలో వడ్డించేటోడు నాకు అప్పడం వేయలేదని వానితో ఎంత కొట్లాట పెట్టుకుంటివి? వాడు దండం పెట్టి, అప్పడాల గంప నీ ముందర దించి పాయె. వాన్ని అడగల్ల, ఈయమ్మ మూగదా అని.

నవ్వద్దు. నవ్వే మాట కాదు.

తీర్పు ఏమైందనా? ఆ దోవలోనే వస్తాండా కదమ్మా. అడిగిందే అడిగితే ఎట్ల?

చూడు, నువ్వు చెప్పింది ఎంత? చారెడు మాట. కుళ్లాయప్ప గొర్రెలు తోలుకోని రోడ్డు దాటుతాండె. నువ్వు పక్క చేన్లో చెనక్కాయ చెట్లు పీకుతాంటివి. కారొచ్చి ఆయప్పను గుద్దె. కారు తోలేటోడు దిగె, చూసె, మళ్ల ఎక్కి పాయె. కుళ్లాయప్పకు అప్పటికి ఇంగా ఊపిరుండె. కార్లో వేసుకోని ఆస్పత్రికి తీసుకుపోయింటే బతికేటోడేమో. చూసింది నువ్వొక్కదానివే. గొర్రెలు కూడా చూసినాయిలే గానీ వాటిని కోర్టుకు పిలువరు. నిన్ను పిలిచినారు. పిలిచి, గొర్రెను చూసినట్లే చూసినారు.

నేను నీ మాట తిప్పి చెప్తానంటే వద్దనిరి. ముద్దాయి గంగాధర తరపు లాయరు లేసి, "సొంత అన్న సార్, ఈమె చెయ్యాడిస్తే ఈయన కథ అల్లుతాడు" అనె. సరేప్పా, న్యాయమే అనుకుంటి. చెవిటి పిల్లల బడిలో పని చేసే పిల్లోణ్ణి పిలిపించిరి. మంచి పిల్లోడు, వాని తప్పు లేదు. వానికొచ్చింది బడి సైగ. నువ్వు బడి మొగం ఎప్పుడు చూస్తివి? మన కాలంలో ఈ తట్టు అట్లాంటి బడి యాడుండె? నీది మన ఇంటి సైగ, మన వీధి సైగ. వాడు చేతులు తిప్పుతాంటే నువ్వు గారడీ చూసినట్ల చూస్తాంటివి. పైగా వానికి గుబురు మీసం. పెదాలు కనపడితే కదా!

మీసమంటే గుర్తొచ్చింది. పెండ్లి చూపుల్లో మా మామ అడిగె, "ఏమబ్బా, సీమలో పుట్టి మీసం లేదేమి, మొక్కేమన్నా ఉండాదా?" అని. "మీసముంటే మా చెల్లెలికి నా మాట కనపడదు మామా" అంటి. ఆయప్ప మన వదినను పక్కకు పిలిచి, పిల్లోనికి తల బాగుండాదా అని అడిగినాడంట.

సరే, సరే. కోర్టు సంగతే చెప్తాండా.

కారు తోలింది ఎవరని అడిగిరి. నువ్వు ముంజేత్తో ముక్కు కింద ఇట్ల తుడిస్తివి. మన వీధిలో ఏ ముసలామెనైనా అడుగు, ఏ చంటిదాన్నైనా అడుగు, అది గంగాధర పేరని చెప్తారు. చిన్నప్పుడు వానికి ముక్కు ఎప్పుడూ కారుతాండె, నువ్వు పేరు పెడితివి. ఇప్పుడు వాడు ఇస్త్రీ బట్టలేసి, పదిమంది దండాలు పెడితే తలూపుకుంటా పోయే మనిషి. అయితే ఏమి? నీ చేతిలో వాని పేరు మారలేదు.

పిల్లోడు జడ్జితో ఏమన్నాడో తెలుసునా? "సాక్షి ఏడుస్తోంది సార్" అనె. జడ్జి పాపం, "ఆమెకు మంచినీళ్లియ్యండి" అనె. నీళ్లెందుకు ఇచ్చినారని ఆ పొద్దు అడిగితివే, ఇందుకు! నువ్వు గ్లాసు పక్కన పెట్టి మళ్ల తుడిస్తివి, ఇంగా గట్టిగా. "జలుబు కూడా ఉన్నట్టుంది సార్" అనె.

నేను ఓర్చుకోలేకపోతి. లేసి, "అది పేరు సామీ, పేరు!" అని అరిస్తి. నన్ను బైటికి పంపిరి. వాకిలి కాడ వెనక్కి తిరిగి చూస్తే, నీలా, గంగాధర చెయ్యి వాని ముక్కు మీద ఉండాది! జేబులోంచి రుమాలు తీసి తుడుచుకుంటాండాడు. చీమిడీ లేదు, ఏమీ లేదు. పేరు పెట్టి పిలిస్తే ఎవరన్నా పలుకుతారు కదా. వాడు పలికినాడు. ఆ గదిలో నీ మాట అర్థమైనోడు వాడొక్కడే.

సైగ సాక్ష్యానికి వీడియో తీయల్లంట, చట్టంలోనే ఉండాది. తీసినారు. నిన్ను తీసినారు. వాన్ని ఎవరు తీస్తారు?

చట్టం మంచిదేలే, చదివినా. నోట మాట రానోళ్లు సైగతో చెప్పినా, రాసి చూపినా, నోటితో చెప్పినట్లేనంట. ఎంత బాగుండాది! అయితే సైగంటే లోకమంతా ఒకటే సైగ అనుకుంటారేమో వీళ్లు. తెలుగే ఒకటి కాదు. హిందూపురం సంతలో దుడ్లు అంటే చిల్లర తీసిస్తారు, అదే మాట రాజమండ్రిలో అను, నీ మొగం చూస్తారు. నోటి మాటే ఊరూరికీ మారుతాంటే చేతి మాట మారదా?

వీటన్నిటి మీద ఇంగొకటి. "ఆ మనిషి ఈ గదిలో ఉంటే చూపించమనండి" అని అడిగిరి. ఇది మాత్రం పిల్లోడు సరిగ్గానే చెప్పె, నీకూ అర్థమాయె. కిటికీలోంచి చూస్తాండా నేను. వేలెత్తి చూపిస్తే అయిపోతాండె. నువ్వు చూపియ్యలేదు. ఎట్ల చూపిస్తావు? చిన్నప్పుడు మనిషి మీదికి వేలెత్తితే అమ్మ కందిపుల్లతో ఆ వేలి మీదనే కొడుతాండె కదా. "గుమ్మడి పిందెకు వేలు చూపితే పిందె కుళ్లుతాది, మనిషికి చూపితే మర్యాద కుళ్లుతాది" అంటాండె. మాట రాని పిల్ల అందర్నీ వేలితో పొడుస్తాదని ఊరు అనకూడదని ఆయమ్మ పంతం. అందుకే కదా మనిషి మనిషికీ పేరు పెట్టుకుంటివి. మనిషిని చంపినోన్ని చూపించమన్నా, నువ్వు వాని తట్టు తిరిగి, గడ్డమెత్తి, మర్యాదగా మళ్ల ముక్కు తుడిస్తివి.

"ముద్దాయిని చూపమన్నప్పుడు సాక్షి చూపలేదు." ఇట్ల రాసినారు తీర్పులో.

అవును నీలా. అదే. చూడు నా చేతులు. ముక్కు తుడుచుకునేటోడు... పో అన్నారు. వదిలేసినారు. జైలు లేదు. కాదమ్మా, కొంచెం కూడా లేదు. పోయినాడు, నువ్వు చెట్టు కింద చెప్పులేసుకుంటాంటే నీ పక్కనుంచే పోయినాడు.

ఏందీ? నువ్వు అబద్ధం చెప్పినావని రాసినారా అనా? లేదు. అట్ల రాసింటే బాగుండు. అబద్ధమంటే, నువ్వు చెప్పింది వాళ్లకు అర్థమైనట్ల కదా. "సాక్షి ఏమి చెప్పిందో నిర్ణయించడానికి వీలు లేదు" అని రాసినారు. నిజమూ కాదు, అబద్ధమూ కాదు. నువ్వు ఏమీ చెప్పలేదు, అంతే.

పైకోర్టు ఉండాది. సర్కారు లాయరును అడిగితి. "చూద్దాం పెద్దాయనా" అనె. ఫోన్ చూసుకుంటా అనె.

పద్మకా? ఆయమ్మకు నేను చెప్తాలే. మొగుడు కుళ్లాయప్ప పోయినప్పటి నుంచి ఆయమ్మకు ఒకటే మాట, "నీలక్క చూసింది, నీలక్క చెప్తాది" అని. మన వాకిట్లోనే కూర్చోనుంటాది. నువ్వు లోపలికి పో. నేను నిదానంగా చెప్తా. నువ్వేమీ చెప్పద్దు...

చెప్పద్దంటే ఆ అర్థంతో కాదమ్మా.

ఏమి, చేతులు కొంగులో పెట్టుకుంటివి? ఈ ఎండలో చలి యాడుండాది? బైటికి తీ. నీలా, నా మొగం చూడు. వాన్ని తిట్టు. కోర్టును తిట్టు. నన్నన్నా తిట్టు, బీఏ చదివి ఏం పీకినావని అడుగు. ఒక్క మాట.

తీయవా?

బస్సొచ్చె. లే. నిలుపప్పా కండక్టరూ, కొంచెం నిలుపు, మా చెల్లెలు ఎక్కల్ల. పిలిస్తే పలకదు, కేకలెయ్యద్దు. అవునప్పా, మూగదే. పొద్దున వచ్చేటప్పుడు కాదు.