మొలాసిస్ నల్ల టోపీ

నేనింతకు ముందెప్పుడూ ఏదీ రాయలేదు. ఊరగాయ సీసాల మీద పేర్లు రాయడం రాతలోకి రాదు కదా. ఈ కథలో వర్నీస్ అన్నావిడ నేనే గానీ, ‘నేను’ అని రాయబోతే మొహం వేడెక్కి చెయ్యి ఆగిపోతోంది. అంచేత వర్నీస్ అనే రాస్తాను. ఎవరో పక్కవీధి ఆవిడ అనుకోండి.

ఈస్టర్ ముందురోజు శనివారం మధ్యాహ్నం వర్నీస్ దక్షిణ మెంఫిస్‌లో క్లియోఫస్ కటింగ్ షాపుకి వెళ్ళింది. చంకలో టోపీ డబ్బా ఉంది. అందులో మర్నాడు చర్చికి పెట్టుకోవాల్సిన ఊదారంగు టోపీ, ముందు వల, పక్కన నెమలికంఠం రంగు ఈక. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళ టోపీ ఎంత పెద్దదైతే పండగ అంత పెద్దది. మగవాళ్ళ సంగతి వేరు. గుమ్మంలోనే టోపీ తీసి గోడకున్న కొక్కేలకి తగిలించి లోపలికి పోవాలి. తీయకపోతే గుమ్మం కాసే చర్చి పెద్ద, డీకన్ హాలిస్, చెయ్యి అడ్డం పెడతాడు. వచ్చినవాడు గవర్నరైనా ఆ చెయ్యి కిందికి దిగదు.

ఆమెకిప్పుడు ఆ చేతితోనే పని పడింది. ఆమె పెంచిన అన్నకొడుకు లమార్కస్‌ని లోకమంతా మొలాసిస్ అంటుంది. చెరకు పాకంలా చిక్కగా, నిదానంగా జారే గొంతని ఆ పేరు. సగం పాట పాడతాడు, సగం మాటలతో దరువేస్తాడు. రేడియోలో వాడే, గోడల మీద బొమ్మల్లో వాడే, ఎక్కడ చూసినా నెత్తిన ఆ నల్ల టోపీయే. టోపీ లేకుండా వాడి ఫోటో ఒక్కటి దొరకదు. అలాంటివాడు ఇన్నేళ్ళకి రేపు వాళ్ళ చర్చిలో పాడతానని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, పొద్దున్న ఫోన్ చేసి, “అత్తా, వస్తాను. టోపీ మాత్రం తీయను. హాలిస్ చెయ్యి అడ్డం పెడితే ఆనాటిలాగే వెనక్కి తిరిగిపోతాను,” అన్నాడు.

హాలిస్‌ని అడగడం వర్నీస్ వల్ల అయ్యే పని కాదు. ఆమె నోట్లోంచి మాట రావడమంటే ఎత్తు మీదికి గుమ్మడికాయ దొర్లించడమే. క్లియోఫస్ అయితే మాటలతో బండరాయికి చెమట పట్టిస్తాడు. పైగా హాలిస్‌తో రోజూ డామినోలు ఆడతాడు. ‘టోపీ సంగతి హాలిస్‌కి ఒక్క మాట చెప్పవా’ అని అడుగుదామని వచ్చింది.

అడగనిస్తేగా!

షాపు కిటకిటలాడుతోంది. పండగ ముందురోజు క్షవరం లేకుండా ఎవడుంటాడు? కుర్చీలో బస్సు నడిపే పెర్సీ, మెడకి గుడ్డ కట్టించుకుని కూర్చున్నాడు. బెంచీ మీద చెత్త లారీ పని నుంచి దిగిపోయిన ఓథా ముసలాయన, ఆయన పక్కన ఇంకా చాలామంది. క్లియోఫస్ చేతిలో మిషను జుయ్యిమంటోంది.

“రండి సిస్టర్ వర్నీస్! సమయానికి వచ్చారు. వీళ్ళకి చెప్పండి, మీవాడి గొంతులో పాకం ఉందని మొట్టమొదట కనిపెట్టింది ఎవరు?” అన్నాడు క్లియోఫస్. ఆమె నోరు తెరిచేలోపు తనే, “నేను!” అని జవాబు కూడా చెప్పేసుకున్నాడు.

“క్లియోఫస్, ఒక్క మాట...” అంది వర్నీస్.

“వినండి, వినండి, కూర్చోండి. ఒరేయ్, సిస్టర్‌కి చోటివ్వండి. ఇంతున్నాడప్పుడు. కుర్చీ చేతుల మీద చెక్క వేసి కూర్చోబెట్టాను. మిషను జుయ్యిమంటోంది, వీడు దానికి శ్రుతి కలిపి లోపల్లోపలే కూనిరాగం తీస్తున్నాడు. ‘అబ్బాయ్, లోపల దాచుకోకు, బయటికి తియ్యి’ అన్నాను. అంతే. గొప్ప చెప్పుకోవట్లేదు, ఆపాటి మాట ఎవరైనా అంటారు.”

“నేనూ అందును,” అన్నాడు ఓథా.

“అందువు, కానీ అనలేదుగా! అన్నవాణ్ణి నేను. అని ఊరుకున్నానా? వాణ్ణి మిసిసిపీ ఒడ్డుకి తీసుకెళ్ళి, నదికి ఎదురుగా నిలబెట్టి, పాడరా అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాలుగ చేపలు మీసాలతో సహా తలలు పైకెత్తాయి. ఒకటీ రెండూ కాదయ్యా, నీళ్ళు కనబడవు, అటొడ్డు నుంచి ఇటొడ్డుకి అన్నీ మీసాలే! మా ఆవిడ ఒడ్డున మూకుడు పెట్టి నూనె కాస్తోంది. పాట సగం అయ్యేసరికి చేపలు వాటంతటవే గట్టెక్కి, మొక్కజొన్న పిండిలో అటూ ఇటూ పొర్లి, మూకుడు ముందు వరసలో నిలబడ్డాయి.”

“ఉప్పో?” అన్నాడు ఓథా.

“ఉప్పు అవే వేసుకున్నాయి. కారం మాత్రం నేనే చల్లాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?”

బెంచీ బెంచీ అంతా పగలబడి నవ్వింది. వర్నీస్ కూడా డబ్బా మూత చాటున నవ్వుకుంది. నవ్వు ఆగాక, “క్లియోఫస్, రేపటి సంగతి...” అంది.

“రేపటిదాకా ఎందుకు సిస్టర్, ఆరోజు సంగతే తెమల్లేదు! అంత నిదానం పాట విన్నాక నదికి నడక తప్పింది. ఆగింది. ఆలోచించింది. ఇంత తీయని పాట వదిలి సముద్రానికి పోయి ఉప్పు తాగడమెందుకని వెనక్కి తిరిగింది! పైనున్న సెయింట్ లూయీ నుంచి ఇదిగో, ఈ ఫోనుకే ఫోను. ‘పోయిన వారం మేం మీకు వదిలిన నీళ్ళు మళ్ళీ మా ఇళ్ళలోకే వస్తున్నాయి, మీ కుర్రాణ్ణి ఆపండి మహాప్రభో’ అని ఏడుపు. సరుకు పడవల వాళ్ళు కిందికి పోదామని బయల్దేరి పాటకి నిద్రపోయారు. లేచి చూస్తే మంచు! నది పుట్టిన మిన్నెసోటా!”

“క్లియో, నా నుదురు చూసి చెయ్యి,” అన్నాడు పెర్సీ గుడ్డలోంచి.

“నీ నుదురెక్కడికి పోతుందిరా? మొదటి పాట ఎక్కడ పట్టారనుకున్నారు? ఈ షాపులోనే. మైకు లేదు. ఈ మిషనే వాడి మూతి ముందు పట్టుకున్నాను. పాట మిషనులోకి దూరింది, మిషనులోంచి తీగలోకి, తీగలోంచి పేట పేటంతటికీ పాకింది. ఫ్యాన్లు తాళానికి తిరిగాయి. వీధి చివర దీపాలు ఎర్రది ఆకుపచ్చ, ఆకుపచ్చది ఎర్రది, దరువుకి తగ్గట్టు వెలిగాయి.”

“అదా సంగతి! ఆరోజు నా బస్సు ఆలస్యమైందని నాకు మాట పడింది,” అన్నాడు పెర్సీ.

“చూశారా, సాక్ష్యం! ఇక న్యూయార్కు. రికార్డుల కంపెనీ పెద్దమనిషి ముందు నిలబెట్టాను. ఆయన తల కోడిగుడ్డు. ఒక్క వెంట్రుక లేదు. మావాడు పల్లవి ఎత్తుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గుడ్డు మీద నూగు లేచింది! చరణానికి చెవులు మూసుకుపోయాయి. రెండో చరణానికి జుట్టు బల్ల దిగి నేల మీద పాకుతోంది. ఆయన భార్య లోపలికొచ్చి, మా ఆయనేడీ అని కేకలు. నా సంచీలో మిషనుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆయన జుట్టులోనే తప్పిపోయేవాడు. పాట పూర్తయ్యేలోగా కోసిందే కోశాను, కోసిందే కోశాను!”

“ఇక్కడా అదేగా చేస్తున్నావు,” అన్నాడు ఓథా.

క్లియోఫస్ ఆ మాట దులుపుకుని ముందుకి పోయాడు. “పాట రేడియోలో వేశారు. చికాగోలో రేడియోలకి చీమలు పట్టాయి. పాకం కదా! జనం పొద్దున్నే మొక్కజొన్న రొట్టె తెచ్చుకుని రేడియో కింద పట్టేవారు. తడిసేదాకా పట్టి తినేవారు. పళ్ళ డాక్టర్లు మొలాసిస్‌కి దండేసి దణ్ణం పెట్టారు! ఇంతవరకూ చెప్పిందంతా ఒకెత్తు, అసలుది ఒకెత్తు. ఆ నల్ల టోపీ! ఈవేళ జపాన్‌లో కుర్రాళ్ళు కూడా పెట్టుకు తిరిగే ఆ టోపీ, ఎవరి ఆలోచన? ‘ఒరేయ్, రాజన్నాక కిరీటం ఉండాలిరా’ అని, ఇదిగో ఈ చేత్తో, వాడి నెత్తి మీద ఇలా—” అంటూ కిరీటం ఎంత ఎత్తో చూపించడానికి చెయ్యి గాల్లోకి ఎత్తాడు. ఆ చేతిలో మిషనుంది.

“టోపీ పెట్టించింది నువ్వే, క్లియోఫస్. ఆ మాట మాత్రం నిజం.”

ఎవరా అని అంతా అటు తిరిగారు. మాట్లాడింది వర్నీస్. ఆమె చూపు డబ్బా మీదే ఉంది.

“చూశారా! ఇంటివాళ్ళే చెబుతున్నారు!” అన్నాడు క్లియోఫస్.

“ఇలాంటి శనివారమే. ఇలాగే జనం,” అంది వర్నీస్. గుమ్మడికాయ కొండ కొసకి చేరి ఇక అటువైపు దానంతటదే దొర్లడం మొదలెట్టింది. “మర్నాడు ఈస్టర్. చర్చిలో వాడు మొదటిసారి ఒంటిగా పాడాలి. నువ్వు వాడి నుదుటి మీద జుట్టు గీత సరిచేస్తున్నావు. చేస్తూ, నువ్వు పట్టిన వాలుగ కథ చెబుతున్నావు. అదెంత పొడుగో చూపించడానికి చేతులు రెండూ చాపావు. ఒక చేతిలో మిషనుంది.”



“ఎంత పొడుగమ్మా ఆ చేప?” అన్నాడు ఓథా, మెల్లగా.

వర్నీస్ తన నుదుటి మీద వేలు పెట్టి, నడినెత్తి దాకా గీసింది. “ఇక్కణ్ణించి ఇక్కడికి.”

ఆమె క్లియోఫస్ వైపు తిరిగింది. “వాడు నీకు థాంక్యూ అంకుల్ అని చెప్పి మరీ వచ్చాడు. ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాడు. వాళ్ళ నాన్న నల్ల టోపీ చెవులదాకా దించుకున్నాడు. మర్నాడు గుమ్మంలో హాలిస్ చెయ్యి. వాడు తీయలేదు, ఈయన దించలేదు. లోపల పాడాల్సిన పాట బయట మా కారు మూత మీద దరువేస్తూ పాడాడు. ఏడుపొచ్చి రాగం తెగినచోటల్లా మాటలతో పూడ్చుకున్నాడు. వీధిలో పిల్లలు మూగారు. అదే వాడి మొదటి ర్యాపు. మళ్ళీ లోపల అడుగు పెట్టలేదు. చర్చిలో అందరూ, అత్త పెంపకం, పిల్లాణ్ణి వీధి ఎత్తుకుపోయింది అన్నారు. అననీ అనుకున్నాను.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం?” అన్నాడు క్లియోఫస్.

“చెబితే ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?”

ఆ మాట వినగానే కుర్చీలో ఉన్న పెర్సీ గుడ్డలోంచి చెయ్యి బయటికి లాగి నుదురు తడుముకున్నాడు. ఇంకొంచెం పైకి తడుముకున్నాడు. ఇంకొంచెం. “అద్దం! అద్దమివ్వండెహె!” అని అరిచాడు.

పెర్సీ నెత్తిన కిరీటం కూడా వాలుగంత పొడుగే పోయింది.

అప్పుడు లేచిన నవ్వుకి షాపు అద్దాలు గలగల్లాడాయి. ఓథా కళ్ళు తుడుచుకుంటూ, “సిస్టర్, ఈ షాపులో ఇన్నేళ్ళుగా కథలు వింటున్నాను. మిషను ఆపి చెప్పించిన కథ ఇదొక్కటే,” అన్నాడు. పెర్సీ ఒక పక్క తిడుతూనే, తిట్టు మధ్యలో తనూ నవ్వేశాడు. నవ్వనిది క్లియోఫస్ ఒక్కడే. మిషను బల్ల మీద పెట్టాడు. అయ్యో, నలుగురిలో పరువు తీశానే అనుకుంది వర్నీస్.

క్లియోఫస్ ఆమె దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడని గొంతుతో, “అయితే సిస్టర్... నిజంగానే వాణ్ణి మొలాసిస్‌ని నేనే చేశానా?” అన్నాడు.

“నువ్వే చేశావు. ఇప్పుడు లోపలికి కూడా నువ్వే తీసుకురా. రేపు టోపీ తీయనంటున్నాడు, హాలిస్‌కి ఒక్క మాట చెప్పు,” అంది వర్నీస్. వచ్చిన పని అప్పటికి అయింది.

సాయంత్రం క్లియోఫస్ కాళ్ళీడ్చుకుంటూ ఆమె మెట్ల దగ్గరికొచ్చాడు. “ఒప్పుకోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ‘చేపల వరస నమ్మాను, నది వెనక్కి తిరిగిందంటే నమ్మాను, మరీ ఇంత కోతేమిటయ్యా’ అన్నాడు. టోపీతో రావాలంటే ఆడవాళ్ళ వరసలో కూర్చోమన్నాడు,” అని చెప్పి, నిజం చెప్పడంలో తనకి చెయ్యి తిరగలేదని బాధపడుతూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున చర్చి గుమ్మం ముందు వీధి వీధంతా ఉంది. ఒక కారులోంచి లమార్కస్ దిగాడు, తెల్ల సూటు, నల్ల టోపీ. జనమంతా మొలాసిస్ మొలాసిస్ అని కేరింతలు. మెట్లెక్కాడు. హాలిస్ చెయ్యి అడ్డంగా లేచింది, అప్పటి చెయ్యే. లమార్కస్ ఆగాడు. వాడి మడమ వెనక్కి తిరగబోవడం వర్నీస్ చూసింది. వాడి వెనకే ఇంకో టోపీ, పెర్సీది, కళ్ళదాకా దించుకున్నది.

వర్నీస్ మెట్లెక్కింది. గడ్డం కింద రిబ్బను విప్పింది. వలతో, ఈకతో, ఆ ఊదారంగు టోపీ తీసి పట్టుకుంది. ఆ చర్చి గుమ్మంలో ఈస్టర్ రోజున ఏ ఆడమనిషీ టోపీ తీసింది లేదు. వెనక ఆడవాళ్ళు “అమ్మో” అన్నారు. నొక్కుకుపోయిన నెరిసిన జుట్టుతో, ఊరందరి ముందూ, ఆమె లమార్కస్ వైపు తిరిగింది.

“నాది తీశాను. ఇక నీ వంతు, నాన్నా.”

లమార్కస్ ఆమె నెత్తి వైపు చూశాడు, చూసి చూసి నవ్వాడు, నవ్వుతూనే టోపీ తీశాడు. కింద జుట్టే లేదు! నుదుటి నుంచి నడినెత్తి దాకా నున్నగా తళతళలాడుతోంది, ఆ ఊళ్ళో వయసొచ్చిన మగాళ్ళందరికీ లాగే.

“ఇది మాత్రం నా పని కాదు!” అని వెనక నుంచి క్లియోఫస్ కేక వేశాడు.

హాలిస్ చెయ్యి దిగింది. లోపల ఆర్గన్ మొదలైంది. లమార్కస్ అత్త చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు, పెర్సీ కూడా ఉస్సూరంటూ టోపీ తీసి వెనక నడిచాడు. గోడ మీద మగవాళ్ళ కొక్కేలకి ఒక నల్ల టోపీ, ఒక బస్సు డ్రైవరు టోపీ, రెంటి మధ్య ఊదారంగుది, ఈక ఊపుకుంటూ.