కుడివైపు సమీకరణం

కాలేజీ స్టాఫ్ రూమ్‌లో, కంప్యూటర్ ముందు లెక్కల మాస్టారు కూర్చున్నారు. పక్కన ఆయన పాత విద్యార్థిని. ఇప్పుడు ఆమె కూడా అక్కడే లెక్చరరు, ఆయన రాస్తున్న పుస్తకానికి సాయం చేస్తోంది.

"మౌస్‌తో గుర్తులు ఏరుకునే సాఫ్ట్‌వేర్ నాకొద్దమ్మాయ్. కీబోర్డు మీద మాటల్లా కొడితే సమీకరణం తయారయ్యేది ఉందట, అదే పెట్టు."

"దానికి కమాండ్లన్నీ బట్టీ పట్టాలి మాస్టారూ. వర్డ్‌లో మౌస్‌దే సులువు."

"ఏం సులువు? ఆరో అధ్యాయంలో పదకొండు మైనస్‌లు మింగేసింది!"

"సాఫ్ట్‌వేర్ ఎందుకు మింగుతుంది?"

"అంటే, నేను మింగాననా?"

"కోప్పడకండి. స్క్రీన్ మీద రెండింటితోనూ ఒకే సమీకరణం వేశాను. ఏది స్పష్టంగా ఉందో మీరే చెప్పండి."

"చెప్పడానికేముంది? కుడివైపుది."

"మాస్టారూ... రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. కుడివైపు నేనేమీ వెయ్యలేదు."

మాస్టారు తలుపు వైపు తిరిగారు.

"చూపు ఎన్నాళ్ల నుంచి ఆనడం లేదు?"

"ముందా తలుపు వెయ్యి."

"వేశాను."

"ఏడాదవుతోంది. పుస్తకం అచ్చుకి వెళ్లేదాకా ఎవరితోనూ అనకు. కీబోర్డు మీద ఏ మీట ఎక్కడుందో నా వేళ్లకి తెలుసు. మైనస్‌తో సహా."