ఆవిరికి నిలవని పచ్చరెక్క

"నవ్వకు ఫిరోజూ! పెద్దోళ్లు సెప్తన్నప్పుడు పళ్లికిలించడం ఏటి? తుమ్మసెట్టు నీడన ఒక్క పూట నిలబడ్డావా నువ్వు? నన్నెక్కిరించేపాటి మొనగాడివా?" అంటూ, పురుగుల రెక్కలు ఏరి అమ్ముకునే ఎల్లారావు టీకొట్టు బల్ల మీద గ్లాసు కొట్టాడు.

ఫిరోజ్ మేనమామ నజీర్ అహ్మద్‌కి నవ్వు రాలేదు. ఆయన చూపంతా ఎల్లారావు చంకలోని రేకు డబ్బా మీదే ఉంది. అందులో రెండు వందల బంగారుపురుగు రెక్కలుండాలి. రేపు సాయంత్రం పెళ్లికూతురు కప్పుకునే దుపట్టా అంచంతా ఆ పచ్చరెక్కలు కుట్టిస్తానని ఆయన మాటిచ్చాడు. నలభై ఏళ్ల జరీపనిలో ఇచ్చిన మాట ఒక్కసారీ తప్పినవాడు కాదు.

"డబ్బా ఇలా ఇవ్వు. పొద్దు పోతోంది."

"ఇత్తాను భాయ్, ముందు ఇనండి. ఆనందపురం కాడ తుమ్మసెట్టు ఊపినాను. పురుగులు జలజలా రాలి సచ్చినట్టు పడున్నాయి. ముట్టుకుంటే అలా నటించడం ఆటి గుణం. అందులో ఒకటి సేటంత ఉంది! ఎంత బాగా సచ్చిందంటే, నాను నిజమనుకుని ఏడిసి, పాడె కట్టడానికి ఎదుర్లు కూడా నరికినాను. తీరా ఎత్తబోతే కన్ను గీటింది!"

"పురుక్కి రెప్పలెక్కడివిరా?" అంది టీకొట్టు గురువమ్మ.

"దీనికున్నాయప్పా! ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఈ జాతిలో కొన్నిటికి ఎక్కడో మంట రేగినా ఇక్కడికి తెలిసిపోద్ది. దీనికి స్టీలుప్లాంటు కొలిమి సెగ తగిలింది. రివ్వున లేసింది, వీపు మీద నాను! మద్దిలపాలెం మీంచి ఎల్తంటే దాని మెరుపు సూసి, పచ్చలైటు పడిందనుకుని డిపోలో బస్సులన్నీ ఒక్కసారే బయలెల్లిపోయాయి!"

"నువ్వు టిక్కెట్టు కొట్టించుకున్నావా బావా?" అన్నాడు ఫిరోజ్.

"మూసుకో! కొలిమి కాడ వాలి, కరిగిన ఇనుము గ్లాసుడు తాగి తేన్సింది. 'ఎల్లారావు బాబూ, ఇవి నీకే' అని రెక్కలు దులిపితే రెండొందల ముక్కలై నా ఒళ్లో పడ్డాయి."

నజీర్ ఇక ఆగలేక డబ్బా లాక్కున్నాడు. ఒక రెక్క తీసి చూశాడు. ఆకారం బంగారుపురుగుదిలా లేదు. అయినా పనివాడి పద్ధతి తప్పలేదు. సూది దించే ముందు రెక్కకి ఆవిరి పట్టాలి, లేకపోతే చిట్లిపోతుంది. జేబులోని చిన్న పట్టకారు, చిమటాతో పట్టుకుని, మరుగుతున్న టీ కెటిల్ మూతి దగ్గర పెట్టాడు.

ఎల్లారావు మొహం పాలిపోయింది. రెక్కలు గడప దగ్గర ఇచ్చి పోవడమే గాని, కుట్టడం ఎన్నడూ చూడనివాడు; ఆవిరి పడతారని తెలియదు.

పచ్చరంగు చుక్క ఒకటి కారి సాసర్‌లో పడింది. ఇంకొకటి పడింది. చిమటాలో మిగిలింది నల్ల పేడపురుగు రెక్క.

"కొలిమి సెగ తట్టుకున్న రంగు, ఎల్లారావూ, టీ ఆవిరికి పోయిందేం?" అన్నాడు నజీర్.



నజీర్ వాణ్ణి తిట్టకుండా చెయ్యి పట్టుకుని సీతమ్మధారలో పెళ్లివారింటికి తీసుకెళ్లాడు. ముందు తనే తలవంచి, మాట తప్పానని ఒప్పుకున్నాడు. తర్వాత ఎల్లారావు వైపు తిరిగాడు. గంటలకొద్దీ ఆడే ఆ నోట "నాను మోసం సేసినాను" అన్న మూడు ముక్కలు రావడానికి చాలాసేపు పట్టింది.

అబద్ధం బాకీ అంతటితో తీరదు. మరుసటి ఏడు వానలకి ఎల్లారావు రోజులకొద్దీ తుమ్మల కింద వంగి, సిసలైన రెక్కలే ఏరాడు. వన్‌టౌన్‌లో జరీపనివాళ్ల గడపలన్నీ ఎక్కి దిగాడు. ఒక్కరూ డబ్బా మూత తియ్యలేదు.