రామస్వామన్న నల్లబండి

ఏంది గౌతమ్, నిజంగనే కొన్నవా? గేటు కాడ నిలబెట్టిన గా నీలం బండి నీదేనా? నేను ఎవలింటికో చుట్టాలొచ్చిండ్రనుకున్న. కూసో, కూసో. పొద్దుగాలనే మీ అమ్మ నన్ను మెట్ల మీద ఆపింది. "బాబాయ్ గారూ, మావాడు సెకండ్ హ్యాండ్‌లో రేసు బండిలాంటి కారేదో కొన్నాడండీ, అది చెడితే బాగుచేయించడానికే ఇల్లమ్ముకోవాలంట, మీరైనా కాస్త గడ్డి పెట్టండి" అన్నది. కొన్నంక గడ్డి పెడితే ఏమొస్తది? చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడే. కానీ నీకు మా రామస్వామన్న ముచ్చట చెప్పాలె. ఎవలా? మీ ఓనరమ్మ లేదూ, భాగ్యమ్మ, ఆమె పెనిమిటి. నాకు పెదనాయిన కొడుకు. హాల్ల దండేసిన ఫోటో ఉంటది చూడు, మీసాలాయన. ఆయినే.

మాది పోచంపల్లి. మగ్గం గుంతల కాళ్ళు పెట్టి పెరిగినోళ్ళం. అన్న చీరెల మూట బస్సు మీదేసుకొని దిల్‌సుఖ్‌నగర్ల దిగి, దుకాణం దుకాణం తిరిగి అమ్మేటోడు. తిరిగి తిరిగి, ఆఖరుకు ఆడనే సొంతం దుకాణం పెట్టిండు. ఒకనాడు ఎవలో పెద్దమనిషి పెండ్లి చీరెలకొచ్చి దుకాణం ముంగట నల్లబండి ఆపిండు. అగో, ఆ బండి సప్పుడు ఇన్నడు, ఖతం! గిరాకీని ఇడిసిపెట్టి బయటికొచ్చి నిలబడ్డడు. "ఇన్నవారా తమ్మీ, లోపట పులి పండుకున్నట్టు లేదూ?" అన్నడు నాతోని. ఆర్నెల్లు తిరగకముందే అసొంటిదే పాతది ఒకటి తెచ్చిండు. ఆడికీ నేను చెప్పిన, "అన్నా, ఏనుగును కొనుడు కాదే, మేపుడు చూసుకోవాలె" అని. ఇంటడా?

మేపుడంటే ఏందో మూడో నెలల తెలిసొచ్చింది. చంపాపేట్ల స్పీడ్ బ్రేకర్ మీద అడుగు గీరుకున్నది. అది గాలి మీద లేసే బండంట, ఒక పక్క గాలి పోయి కుంటి బర్రె లెక్క ఒరిగింది. గా గాలి బుడ్డి ఒక్కటే లక్షంట! నేను అబద్ధమనుకున్న. బ్రేకులు అరిగితే నాలుగు ప్లేట్లు మార్చిండ్రు, ఆ బిల్లు చూసి మా అన్న దుకాణం గల్లపెట్టె కాడ చెమటలు తుడుసుకున్నడు. ఓరి నీ, ప్లేట్లేంది, వెండివా? ఆ పైసలతోని మా ఊర్ల రెండు బర్లు, ఒక ఎడ్లబండి ఒస్తుండె. ఏం నవ్వుతవ్ రా, నీకింకా బిల్లు రాలే.

అవన్నీ ఒక ఎత్తు. అసలు రోగం ఏరే. ఊర్ల మెల్లగ పోతే మంచిగనే పోయేది. జర ఖాళీ రోడ్డు దొరికి కాలు గట్టిగ తొక్కినవా, స్టీరింగు ముంగట పసుపుపచ్చ లైటు ఎలిగేది, దమ్ము పోయేది. మొండెద్దు లెక్క కదలకపొయ్యేది. షోరూమోళ్ళు ఒచ్చి తీస్కపోతరు, కంప్యూటర్ పెడ్తరు, వాళ్ళ చేతిల ఉరుకుతది! "సార్, సెన్సార్ పోయింది" అన్నరు. మార్చిండ్రు. నా బొటనేలంత లేదది, అరువై వేలు. ఇంటికొచ్చి నాలుగు దినాలు మంచిగుంటది, శుక్రవారం దాటంగనే మల్ల అదే కథ. "సార్, పెట్రోల్ పంపు" అన్నరు. అదీ మార్చిండ్రు. ఆఖరుకు, "సార్, టర్బో" అన్నరు. గాలిని బలవంతంగ ఇంజన్లకు తోసే మిషన్ అది. దాని రేటు చెప్తే మా అన్న చెవుల పడనట్టే కూసున్నడు. దానికోసమే తుర్కయంజాల్ల ప్లాటు అమ్మకానికి పెట్టిండు. కడుపు కట్టుకొని కొన్న ప్లాటు.

మా వదిన సంగతి చెప్పలే నీకు. మా ఇంట్ల కొత్త పడుగు ఎక్కిస్తే ఇంటామె మగ్గానికి బొట్టు పెట్టి ముడుపు కడ్తది. ఎర్రగుడ్డల కొబ్బరికాయ, బియ్యం, పసుపుకొమ్ము. దాన్ని పరాయోళ్ళు ముట్టొద్దు. బండొచ్చిన నాడు వదిన బానెట్ మీద పసుపు పూస్తే అన్న ఎగిరిండు. "రంగు పోతదే! ఆ రంగు ఎంతనుకున్నవ్?" ఆమె కొంగుతోని తుడిసేసింది. షోరూమోళ్ళు బండి కోసం ఒస్తున్నరంటే చాలు, ఆమె ముందుగాల బండి కాడికి పోయి కొంగుల ఏందో దాసుకొని లోపటికి తెచ్చేది. నేను చూసిన. దీపం కుంది కావొచ్చు అనుకున్న.

ఆ దినం పగటిపూట తుర్కయంజాల్ల ప్లాటు చూపెట్టనీకి పోయినం. అన్న, నేను, కొడుకు శ్రవణ్‌కుమార్. కొనేటోడు ఇంక రానే లేదు, అన్న ఛాతి పట్టుకొని హద్దు రాయి మీద కూలబడ్డడు. చెమటలు, కుండ పగిలినట్టు. ఎనక సీట్ల ఏసుకొని నా ఒళ్ళె తల పెట్టుకున్న. "ఉరికియ్యి రా శ్రవణ్!" అన్న. వాడు తొక్కిండు. గంత పెద్ద బండి, గంత పైస, ఇగ ఇయాల కాకుంటే ఎప్పుడు పనికొస్తది? సాగర్ రోడ్డు మీద గాలి లెక్క పోతున్నం. ఎల్బీనగర్ చౌరస్తా కనిపిస్తున్నది. మెట్రో పిల్లర్లు లేస్తున్న దినాలు, రోడ్డంత తవ్వి పెట్టిండ్రు. ఆడ ఎలిగింది, బండిల గా పచ్చలైటు. బుస్సుమని ఆగిపోయింది. ఎనక హారన్లు. శ్రవణ్ స్టీరింగును గుద్దుతున్నడు. మా అన్న కండ్లు తెరిసి, "ఆగిందారా?" అన్నడు. గంతే. షేర్ ఆటోల జనాన్ని దింపి అండ్ల ఏసుకపోయినం. దవాఖాన గేటు కాడికి పోయేసరికి... ఇగ లేడు. జర ముందు తెస్తే బతికేటోడా అని డాక్టర్‌ను నేను అడగలే. ఏం చెప్తడో అని భయమైంది.

మర్నాడు బండి కోసం నేనే పోయిన. గుంజుకపొయ్యే లారీ ఆయిన బానెట్ లేపి, "ఏంది సార్ ఇది?" అన్నడు. బండి ముంగటి జాలీ తడక ఎనక, ఇంజన్ గాలి పీల్చుకునే నోరు ఉంటది. ఆ నోటికి అడ్డం ఎర్రగుడ్డ. గుంజితే రాదు, సగం లోపటికి పోయింది. కొబ్బరికాయ, బియ్యం, పసుపుకొమ్ము. బయట పూయొద్దన్నడు గదా, ఆమె బానెట్ లేపి లోపట కట్టింది. షోరూమోళ్ళు ముడుతరని ఊడదీసుడు, బండి ఒచ్చినంక శుక్రవారం మల్ల కట్టుడు. బండి ఎన్నిసార్లు ఆగితే, దిష్టి తగిలిందని అంత పెద్దది కట్టింది! మెల్లగ పోతే ఏం కాదు, గట్టిగ తొక్కితే గుడ్డ గొంతుకు పడ్తది. మొగని పానం సల్లగుండాలని కట్టిందిరా బిడ్డా. ఆ మూట తీసి, మూసారాంబాగ్ బ్రిడ్జి మీదికెళ్ళి మూసీల ఇడిసిన. శ్రవణ్‌కు చెప్పలే. ఆమెకు ఎట్ల చెప్పాలె? ఇప్పటికీ అంటది, "ఆ దినం మూట కట్టినా కూడ ఆ దేవునికి కండ్లు రాలే" అని. నేను తల ఊపుత...

ఆ? రా వదినా, రా. ఏం లేదు, గౌతమ్ బండి కొన్నడు గదా, గదే ముచ్చట. అవ్, మంచి రంగే. ఏందది చేతిల? ...ముడుపా, గౌతమ్ బండికా? ఇటియ్యి వదినా, మోకాళ్ళ నొప్పులతోని మెట్లెందుకు దిగుతవ్, నేను కడ్త. ముంగట కాదు, లోపట అద్దానికి కడ్త. దేవుడు మనిషి పక్కపొంటి కూసోవాలె గదా. నువ్వు లేవకు గౌతమ్. తాళం ఇయ్యి.